టేపు పేరు మీద ఆడిన ఆట

జూన్ 19

డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి పెదవి విరిచింది. మాత్ర రాసింది. మాత్రతో పాటు ఇంకో మందు కూడా చెప్పింది. రోజూ జరిగినవాటిలో ఒక్క మంచి విషయం కాగితం మీద పెట్టాలట.

"ఇరవై ఆరేళ్ళుగా ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాను. నాకే హోంవర్కా తల్లీ?" అన్నాను.

"ఇచ్చి ఇచ్చి తెచ్చుకున్నదే కదండీ ఈ బీపీ. ఇక మీరు చేయండి" అంది.

నోరున్న పిల్ల. ఇలాంటివాళ్ళు నా క్లాసులో ఎందుకు పడరో.

ఇవాళ్టి మంచి విషయం: ఆయన పనిచేసే లిఫ్టుల కంపెనీవాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ ఖాళీగా దొరికింది. ప్రతి పేజీ అడుగునా "భద్రంగా ఎక్కండి, భద్రంగా దిగండి" అని అచ్చువేసి ఉంది. ఎక్కడం ఎలాగో మొదలైంది.

జూన్ 20

బస్సులో కిటికీ పక్కన సీటు. చాలు.

జూన్ 21

ఎంత వెతికినా మంచి విషయం కనబడలేదు. "నేనింకా బతికే ఉన్నాగా, అది రాసుకో" అంది అత్తయ్య. రాసుకున్నాను.

జూన్ 24

బడికి టాబ్లెట్లు వచ్చాయి, తెర ఉన్న పలకలు. పదిహేను. లెక్కల ఆటలు వేసి మరీ పంపారు. కంప్యూటర్ సారు పెళ్ళికొడుకులా ముస్తాబై వచ్చి పెట్టెలు విప్పాడు. నా సర్వీసెంతో అతని వయసంత. అడుగున ఒక సన్నటి పుస్తకం ఉంటే తీసి నాకిచ్చాడు.

"టీచర్ల కోసమట మేడమ్. ఒకసారి చూడండి."

"నాకు లెక్కలొచ్చు నాయనా" అని బీరువాలో పడేశాను.

ఆట సంగతి రాస్తాను. ఒక కాలువ ఉంటుంది. ఇవతల కుందేలు, అవతల గడ్డి. మధ్యలో ఖాళీ ఎంతో చెబుతారు, ముప్పావు అనో, ఆరింట ఐదు వంతులనో. కింద చెక్కలుంటాయి. అర చెక్క, పావు చెక్క, మూడో వంతు చెక్క. సరిగ్గా సరిపోయేలా పేర్చి వంతెన కడితే కుందేలు దాటుతుంది, ఒక నక్షత్రం వస్తుంది. ముప్పై సెకన్లలోపు కట్టకపోతే కుందేలు నీళ్ళలో పడి "బుడుంగ్" మంటుంది. పిల్లలు పగలబడి నవ్వుతారు.

పిల్లలు తమ తమ గుర్తు బొమ్మలు మూడు నొక్కితే వాళ్ళ ఆట తెరుచుకుంటుంది. ఎవరి బొమ్మలు ఏమిటో జాబితా నా దగ్గరుంది.

గంట కొట్టాక "ఇంకొక్కటి మేడమ్, ఇంకొక్కటే" అని నలభై గొంతులు అరిచాయి. ఇరవై ఆరేళ్ళలో నా క్లాసులో ఈ మాట వినలేదు. నన్ను చూసి అనలేదు, కుందేలుని చూసి అన్నారు. కుళ్ళుకున్నాను, దాచుకోవడం ఎందుకు? అయినా అన్నది నా క్లాసులోనే కదా. అది ఇవాళ్టి మంచి విషయం.

జూన్ 30

టేపు గురించి రాయాలి.

బడి ఎదురుగా దర్జీ దుకాణం ఉంది. ఆ దర్జీ కూతురు. జేబులో ఎప్పుడూ నాన్న పాత కొలత టేపు ఉంటుంది, అందుకని అందరికీ టేపే. బెంచి కొలుస్తుంది, తలుపు కొలుస్తుంది, ఒకసారి నిద్రపోతున్న సోషల్ సారు చెప్పు కూడా కొలిచింది. ఆ పిల్లకి ముప్పావు అంటే అంకె కాదు. టేపుని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, మూడు మడతలు విప్పి చూపించే పొడవు. అంత అందంగా భిన్నాలు అర్థమైన పిల్లని నేను చూడలేదు. అంత నెమ్మదైన పిల్లని కూడా చూడలేదు. జవాబు వచ్చాక మళ్ళీ మొదటినుంచి చేసి చూసుకుంటుంది. దర్జీ పిల్ల కదా, ఒకసారి కత్తిరిస్తే అతకదని పుట్టుకతోనే తెలుసు.

ముప్పై సెకన్లు ఆ పిల్లకి టేపు తీయడానికే సరిపోతాయి. ఇవాళ పద్నాలుగుసార్లు బుడుంగ్.

పద్నాలుగోసారికి నవ్వనిది ఆ పిల్ల ఒక్కతే.

మంచి విషయం: నోటుబుక్కులో అవే లెక్కలు అన్నీ ఒప్పే చేసింది.

జూలై 4

పెద్ద మేడమ్ మీటింగు పెట్టింది. టాబ్లెట్లలోంచి రిపోర్టు వస్తుందట. బాగా ఆడేవాళ్ళు ఆకుపచ్చ, ఫర్వాలేదనిపించేవాళ్ళు పసుపు, వెనకబడ్డవాళ్ళు ఎరుపు. నెలాఖరుకి ఎరుపులో ఉన్నవాళ్ళు చేయూత తరగతికి.

"నెమ్మదిగా చేసేవాళ్ళుంటారు కదా మేడమ్" అన్నాను.

"ఆలస్యం అమృతం విషం అన్నారు. ఎవరో ఒకరి ఇష్టాయిష్టాలు కాకుండా యంత్రమే చెబుతుంది. మీకే సుఖం" అంది. కోపంతో కాదు, నిజంగా నా మేలు కోరే అంది.

చేయూత తరగతి అంటే సైకిళ్ళ షెడ్డు పక్క గది. పేరు చేయూత. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడమే కానీ తిరిగి తీసుకొచ్చిన పాపాన ఎవరూ పోలేదు. నాలుగేళ్ళలో అక్కడికి పదకొండు మందిని పంపాను. జాబితాలన్నీ నా చేతిరాతే. ఒక్కరూ వెనక్కి రాలేదు.

టేపు ఎరుపులో ఉంది. అందరికంటే కింద.

జూలై 5

మంచి విషయం: వానకి ముందే ఇల్లు చేరాను.

జూలై 7

ఒక టాబ్లెట్ సంతకం పెట్టి ఇంటికి తెచ్చాను. పాఠం తయారుచేసుకోవడానికి.

జూలై 8

ఆట ఎలా ఉంటుందో ఆడితేనే కదా తెలిసేది. ఎవరో ఒకరి బొమ్మలు నొక్కితేనే కానీ తెరుచుకోదు. గొడుగు, గంట, తాబేలు నొక్కాను. టేపువి. చేతికి అవే తగిలాయి.

పొద్దున్న కాఫీ తాగుతూ ఆరు వంతెనలు కట్టాను. అత్తయ్య భుజం మీదుగా చూసింది.

"ఏమిటే అమ్మాయ్, బడికెళ్ళే టైముకి ఆటలు?"

"పని అత్తయ్యా."

"నవ్వుతున్నావే మరి, పని అయితే?"

నవ్వుతున్నానా? కాస్త సరదాగానే ఉంది. ఇదే మంచి విషయం.

జూలై 9

ఇంకో ఐదు. చూడ్డానికే.

జూలై 10

ఎనిమిది. ఆ పిల్లకి ఈ లెక్కలన్నీ వచ్చు. కాగితం మీద చేసి చూపించింది కూడా. వచ్చినదాన్నే యంత్రానికి అర్థమయ్యేలా చెబుతున్నాను, అంతే. ఆ పిల్ల బదులు కాదు, ఆ పిల్ల తరఫున. వకీళ్ళు చేసేదీ ఇదే, వాళ్ళనెవరూ ఏమీ అనరు.

జూలై 12

టేపు పసుపులోకి వచ్చింది.

జూలై 16

ఆకుపచ్చ! పెద్ద మేడమ్ స్టాఫ్ రూములో అందరిముందూ నా భుజం తట్టింది. "చూశారా, యంత్రమని కసురుకున్నారు. ఆ పిల్లని ఎక్కడినుంచి ఎక్కడికి తెచ్చారో!" అంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అయినా ఆ పిల్ల చేయూతకి పోదు. అది మంచి విషయం కాకపోతే ఇంకేది? దానికోసం ఎవరికైనా దండం పెడతాను. రేపటినుంచి ఆడను. నలభై రెండు నక్షత్రాలు చాలు.

జూలై 17

టేపు పలక పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నేను ఆడని ఆటలకి నక్షత్రాలు వచ్చాయి."

"ఆడి మర్చిపోయుంటావు."

"లేదు మేడమ్. నేను లెక్క రాసుకుంటాను. నావి మూడే."

పదకొండేళ్ళ పిల్ల. మూడు నక్షత్రాలున్న పిల్ల, నలభై రెండు ఎక్కువొచ్చాయని ఫిర్యాదు చేయడానికి వచ్చింది.

"యంత్రం కదమ్మా, ఏదో తప్పు చేసుంటుంది. వెళ్ళి ఆడుకో" అన్నాను.

ఇవాళ మంచి విషయం ఏమీ రాయను.

జూలై 18

ఆయన ఊరి చివర ఏదో అపార్ట్‌మెంటుకి లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళొచ్చారు. భోంచేస్తూ చెప్పారు.

"బరువెక్కువైతే బజర్ మోగుతుంది కదా. గోలగా ఉందని ఎవరో బజర్ వైరు పీకేశారు. బజర్ ఆగింది, బరువెక్కడ ఆగుతుంది? తాడు సగానికి అరిగిపోయింది. ఇంకో వారమైతే ఏమయ్యేదో."

"ఎవరు పీకారట?"

"మంచివాళ్ళే. ముసలావిడకి ఆ చప్పుడు పడటం లేదని."

పెరుగన్నం దాకా తినకుండానే లేచాను. ఆకలి లేదు.

జూలై 21

ఇవాళ ఆట పీరియడ్‌లో టేపు వెనక నుంచున్నాను. దాని పలకలో చెక్కల వంతెన లేదు. వంతెన సగం విరిగి ఉంది, విరిగిన ముక్క పొడవు తెలియదు, దానికి ఒక అక్షరం పేరు పెట్టి కనుక్కోవాలి. అది తొమ్మిదో తరగతి లెక్క. పక్క పలకలన్నిటిలోనూ అరా పావూ చెక్కలే. నా చివరి ఆటల్లోనూ ఇలాంటివి వచ్చాయి, నాకు సులువే కాబట్టి పట్టించుకోలేదు.

టేపు జేబులోంచి టేపు తీసింది. తెర మీద పెట్టింది. దేన్ని కొలవాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకుంది. బుడుంగ్. బుడుంగ్. బుడుంగ్.

పక్కపిల్ల అంది, "నలభై ఐదు నక్షత్రాలున్నాయిగా నీకు, ఇదీ రాదా?"

కంప్యూటర్ సారుని ఊరికే అడిగినట్టు అడిగాను. "ఒక్కొక్కళ్ళకి ఒక్కో లెక్క వస్తోందేమిటి?"

"ఆట మనిషిని బట్టి మారుతుంది మేడమ్. గెలిచేకొద్దీ గట్టివి ఇస్తుంది. ఆ పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది. మీరు చూశారుగా?"

చూశానన్నాను.

జూలై 22

టేపు బడికి రాలేదు. కడుపునొప్పట.

జూలై 23

వచ్చింది. జేబులో టేపు లేదు. నోటుబుక్కులో అరా పావూ కలిపితే ఎంతో రాయమన్నాను. వచ్చీ రానట్టు నా మొహం వంక చూసి, "తెలీదు మేడమ్" అంది.

ముప్పావుని మడతపెట్టి చూపించిన పిల్ల.

జూలై 24

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇరవై తొమ్మిదిన పై ఆఫీసు వాళ్ళు వస్తున్నారు. టాబ్లెట్లు ఎలా పనిచేస్తున్నాయో చూస్తారట. వాళ్ళముందు ఆడి చూపించడానికి పెద్ద మేడమ్ ఒక పిల్లని ఎంచింది. రిపోర్టులో అందరికంటే ఎక్కువ మెరుగుపడ్డ పిల్ల.

ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. నుయ్యీ గొయ్యీ రెండూ నేనే తవ్వాను, అందులో దిగాల్సింది మాత్రం ఆ పిల్ల.

జూలై 25

సాయంత్రం దర్జీ దుకాణం ముందునుంచి తల దించుకుని పోబోయాను. పిలిచాడు. మిషను ఆపి, లేచి నిలబడి, స్టూలు తుడిచి వేశాడు.

"ఈ పిల్లకి చదువు అబ్బదని పోయినేడు దీని టీచరే చెప్పింది మేడమ్. ఇప్పుడు ఆఫీసర్ల ముందు నిలబెడుతున్నారట. అంతా మీ చలవే."

లేత నీలం గౌను. చేతుల దగ్గర సన్నటి కుట్టు. ఆ రోజుకి తొడగడానికి కుడుతున్నాడు.

"రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. సంతోషానికేమో" అన్నాడు.

జీవితంలో నాకు చాలామంది థాంక్స్ చెప్పారు. ఒక్క మాట ఇంత బరువుంటుందని తెలియదు.

జూలై 26

అత్తయ్య పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆయనకి చెప్పలేకపోయాను. ఆవిడ మధ్యలో ఒక్క మాటకీ అడ్డు రాలేదు. అది ఆవిడ చరిత్రలోనే మొదటిసారి.

అంతా విని, "దొంగతనమే చేశావు. కాకపోతే దొంగతనంగా పెట్టొచ్చావు" అంది.

"మంచికే కదా అత్తయ్యా."

"నీ మంచికా, దాని మంచికా? నీకా పన్నెండో పేరు రాయాలని లేదు. అంతే కదూ?"

నలభై ఏళ్ళ బడి అనుభవం ఉన్న ఏ ఇన్‌స్పెక్టరూ నన్నిలా పట్టుకోలేదు.

"ఇప్పుడేం చెయ్యను?"

"ఆ పిల్లకి చెప్పు. ముందు దానికి. పెద్దవాళ్ళకి తర్వాత. దాని నక్షత్రాలు దానికి తెలియకుండా పెట్టావు, తీసేటప్పుడైనా దానికి చెప్పి తియ్యి."

ఆవిడ కోడలిగా వచ్చి ఇరవై నాలుగేళ్ళు. ఎన్నో అన్నాను, ఎన్నో పడ్డాను. ఈ ఒక్క సాయంత్రానికి అన్నీ చెల్లు. అత్తయ్యా, నువ్వు బతికే ఉన్నావు, మళ్ళీ రాసుకుంటున్నాను. ఈసారి నిజంగా.

జూలై 27

చెప్పాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక టేపుని ఉండమన్నాను. ఆ పిల్ల బెంచీ మీద, పక్కనే కూర్చున్నాను. మోకాళ్ళు పట్టలేదు. రిహార్సలు చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఆ నక్షత్రాలు నేను ఆడాను. నీ బొమ్మలు నొక్కి, మా ఇంట్లో కూర్చుని. యంత్రం తప్పు చేయలేదు. అడిగినప్పుడు నీకు అబద్ధం చెప్పాను."

దాని పద్ధతి నాకు తెలుసు కాబట్టి ఆగాను.

"నలభై రెండూ మీరేనా?"

"అన్నీ నేనే."

"ఆ అక్షరాల లెక్కలు?"

"అవి నాకోసం వచ్చినవి. నీకు రావలసినవి కాదు. అవి తొమ్మిదో తరగతివి."

మళ్ళీ ఆగింది. లోపల మొదటినుంచి చేసి చూసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి.

"అయితే నేను మొద్దునైపోలేదా మేడమ్?"

ఏడ్చాను. టీచరు పిల్లల ముందు ఏడవకూడదని ట్రైనింగులో చెప్పారు. ఏడ్చాను.

"లేదే తల్లీ. నువ్వు ఎలా ఉన్నావో అలాగే ఉన్నావు. నేనే మొద్దుని."

ఆ పిల్ల ఏడవలేదు. ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకుని వదిలింది. అయిదు రోజులుగా అది సరిగ్గా ఊపిరి తీసుకోలేదని అప్పుడు తెలిసింది. తర్వాత కోపం వచ్చింది. రావలసిందే.

"నాన్న గౌను కుట్టేశాడు."

"గౌను నీదే కదమ్మా."

"నక్షత్రాలకి కుట్టాడు" అంది. "నాన్నకి ఎవరు చెబుతారు?"

"నేనే."

"ఇవాళే?"

"ఇవాళే."

సాయంత్రం వెళ్ళి చెప్పాను. దర్జీ మిషను ఆపలేదు. నేను చెప్పినంతసేపూ కాలు ఆడిస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక దారం పళ్ళతో తెంపాడు.

"కొలత తప్పితే విప్పి కుట్టుకోవచ్చు మేడమ్. గుడ్డ చిరగలేదు కదా?" అని అడిగాడు. నాకు కాదు, కూతురికి.

టేపు తల అడ్డంగా ఊపింది. చిరగలేదని.

జూలై 28

పెద్ద మేడమ్ గదిలో కంప్యూటర్ సారు కూడా ఉన్నాడు. మంచిదే అయింది, ఒకే పరువు రెండుసార్లు పోగొట్టుకోనక్కర్లేదు.

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరా?" అంది. ఇంకేమీ అనకపోయినా ఆ ఒక్క మాట చాలు. కానీ చాలా అంది, పేజీ పట్టదు. మెమో ఇస్తానంది. ఇవ్వమన్నాను. పై ఆఫీసు వాళ్ళకి రిపోర్టు తప్పని తనే చెప్పుకోవాలి కదా అంది.

"ఆ పిల్ల ఎరుపే అన్నమాట. జాబితాలో రాయండి."

"దాని పేరు నేను రాయను మేడమ్. ఇంకెవరితోనైనా రాయించండి. దానికి లెక్కలొచ్చు. గడియారం రాదు."

అప్పుడు కంప్యూటర్ సారు గొంతు సవరించుకున్నాడు. "గడియారం ఆపొచ్చు మేడమ్. పిల్లకి పిల్లకి విడివిడిగా ఆపొచ్చు. ఆరో పేజీలో ఉంది."

ఇద్దరం అతని వంక చూశాం. నెల రోజులుగా ఆ మీట అక్కడే ఉంది. పెద్ద మేడమ్ చదవలేదు. నేను బీరువాలో పడేశాను. ఇద్దరి సర్వీసూ కలిపితే యాభై ఆరేళ్ళు.

"నువ్వు చెప్పొచ్చు కదయ్యా" అంది పెద్ద మేడమ్.

"మేడమ్ చదివానన్నారు" అన్నాడు. పాపం, ఆ మాట అనేటప్పుడు కూడా నావైపు చూడకుండా గోడకి చెప్పాడు. ఆ మర్యాదకి అతనికి రుణపడి ఉంటాను. టేపు ఆట కూడా నేను వేలు పెట్టకముందు ఎక్కడుందో అక్కడికి, మూడు నక్షత్రాల దగ్గరికి, అతనే మార్చి పెట్టాడు.

పెద్ద మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. "యంత్రం వద్దు, మీరూ వద్దు. ఆ పిల్లని పెన్సిలిచ్చి నా దగ్గరికి పంపండి."

జూలై 29

పై ఆఫీసు వాళ్ళు వచ్చారు, చూశారు, టీ తాగారు, వెళ్ళారు. ఆడింది వేరే పిల్లాడు. పెద్ద మేడమ్ నా పేరు ఎత్తకుండా "మా దగ్గర ఒక పొరపాటు జరిగింది, సరిదిద్దాం" అంది. తలుపు బయటినుంచి విన్నాను. నేను ఆవిడ స్థానంలో ఉంటే పేరు చెప్పేసేదాన్నేమో.

జూలై 30

టేపు పెన్సిల్ పట్టుకుని పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళింది. వెళ్ళేముందు జేబు తడుముకుని చూసుకుంది. టేపు ఉంది.

ఆరు లెక్కలు. యాభై నిమిషాలు. నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను, పురిటి గది బయట మొగుడిలా.

పెద్ద మేడమ్ కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. ఐదు ఒప్పు. ఆరో దాని కింద గుండ్రటి అక్షరాలతో ఉంది: "ఇది నాకు రాదు."

"ఎన్నో ఏళ్ళయింది, ఒక లెక్క ఎవరైనా ఇంతసేపు ఆలోచించగా చూసి. రానిది రాదని రాసింది చూడండి. మనం రాస్తామా అలా?" అంది.

రాయం. అది ఇద్దరికీ తెలుసు.

టేపు నా క్లాసులోనే ఉంటుంది. దేవుడికి, పెద్ద మేడమ్‌కి, ఆరో పేజీకి నమస్కారం. మెమో కూడా వచ్చింది. అత్తయ్య దాన్ని చదివించుకుని, "అక్షరం బాగుంది" అంది.

ఆగస్టు 1

క్లాసుకి కూడా చెప్పేశాను. టేపు అబద్ధాల నక్షత్రాలు తెచ్చుకుందని గుసగుసలు మొదలయ్యాయి. తప్పు నాదైతే ఆ పిల్ల ఎందుకు మోయాలి? బోర్డు ముందు నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాను.

చివరి బెంచీలోంచి ఒక గొంతు: "మేడమ్, నా పేరు మీద ఎప్పుడు ఆడతారు?"

గది దద్దరిల్లింది. టేపు కూడా నవ్వింది. అది నవ్వడం చూసి నేనూ నవ్వాను. సాయంత్రానికి బడంతా పాకింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "ఇవాళ ఎన్ని నక్షత్రాలు మేడమ్?" అన్నాడు. అనుభవించాలి కదా.

ఇంటికి వెళ్ళేముందు టేపు వచ్చింది.

"మా పక్కింటి అక్కకి కూడా గడియారం ఆపేస్తారా మేడమ్?"

ఆ పక్కింటి అక్కని కిందటేడు చేయూతకి పంపాను. పొడుగ్గా, భుజాలు వంచుకుని నడిచే పిల్ల. నా జాబితాలో పదకొండో పేరు.

ఆగస్టు 3

పెద్ద మేడమ్‌ని అడిగాను. వారానికి రెండు పీరియడ్లు చేయూతకి నేను వెళతానని, నాలుగు టాబ్లెట్లు ఇవ్వమని. "మెమోకి శిక్షా ఇది?" అంది. "కాదు. శిక్ష అయితే అడుక్కోను" అన్నాను. సరే అంది. ఈ నెల రోజుల్లో ఆవిడ నాతో సరే అన్నది ఇది మూడోసారి. లెక్కపెట్టుకున్నాను.

ఆగస్టు 6

చేయూత గదిలో మొదటి రోజు.

సైకిళ్ళ షెడ్డు పక్కనుంచి వెళ్ళాను. నాలుగేళ్ళలో ఆ గుమ్మం దాకా పిల్లల్ని తెచ్చి వదిలానే కానీ లోపలికి అడుగుపెట్టలేదు. గది చిన్నదే కానీ వెలుతురు బాగుంది. ఉన్నది తొమ్మిది మంది. వాళ్ళలో ఐదుగురు నేను పంపినవాళ్ళే. నేను పంపిన మిగతా ఆరుగురూ బడే మానేశారట. ఏమైపోయారో కనుక్కోవాలి.

నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఒక్కళ్ళ మొహంలోనూ కోపం లేదు. ఉంటే బాగుండేది అనిపించింది.

పలకలిచ్చాను. "గడియారం తీసేశాం. మొదలుపెట్టండి" అన్నాను. ఎవరూ ముట్టుకోలేదు. తెర మూలకే చూస్తున్నారు, బడంతా చెప్పుకున్న ఆ గడియారం ఎప్పుడొస్తుందా అని. రాదని ఇంకోసారి చెప్పాను. చివరికి పొడుగు పిల్ల అడిగింది.

"అంటే ఎంతసేపు?"

"ఎంతసేపైనా."

పక్కపిల్లతో కలిసి ఒక పలక ముందేసుకుంది. భుజాలు వంచి, గోరుతో బల్ల మీద గీతలు గీస్తూ. ఖాళీ పన్నెండింట ఏడు వంతులు. అర చెక్క పెట్టింది, తీసింది. పావు పెట్టింది. చాలాసేపు దాన్నే చూసింది. నోరు విప్పకుండా ఉండటానికి నేను చీరకొంగు పిడికిట్లో పట్టుకోవలసి వచ్చింది. జవాబు చెప్పెయ్యడమే కదా ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం. పావు పక్కన మూడో వంతు తెచ్చి పెట్టింది. సరిపోయింది.

ఒక్కటంటే ఒక్క లెక్క. పీరియడ్ అయిపోవడానికి రెండు నిమిషాలుంది. కుందేలు అటూ ఇటూ చూసి, నింపాదిగా దాటింది. నక్షత్రం వచ్చింది.

పొడుగు పిల్ల నక్షత్రాన్ని చూసింది, నన్ను చూసింది.

"మేడమ్, ఇది మీరు ఆడలేదు కదా?"

గదిలో తొమ్మిది మొహాలూ నావైపు తిరిగాయి. ఎగతాళి కాదు. తెలుసుకోవాలని అడిగింది.

"లేదమ్మా. నేను ముట్టుకోనేలేదు."

"నిజంగా?"

"నిజంగా."

మూడోసారి అడగలేదు. పలకని అందరికీ కనబడేలా తిప్పింది. భుజాలు కొంచెం లేచాయి.

"నేనే" అంది.